కొత్త ఇత్తడి బందులకు పాతకాలపు రంగు ఎలా తెప్పించాలి?

ప్రశ్న: మాది గుంటూరు. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి మండువా ఇల్లు తీసేస్తుంటే అక్కడి టేకు తలుపులు తెచ్చుకుని మా కొత్త ఇంటికి పెట్టిస్తున్నాం. వాటి పాత ఇత్తడి సామాను చాలావరకు పోయింది. బందులు, గడియలు, హ్యాండిళ్ళు, లాగే రింగులు అన్నీ విజయవాడ వన్‌టౌన్‌లో కొత్తవి కొన్నాం. ఆ తలుపుల మీద పెట్టి చూస్తే జిగేల్మంటున్నాయి, ఏమాత్రం నప్పలేదు. వెనిగర్, ఉప్పు కలిపి రాస్తే పాతవాటిలా అవుతాయని ఒక వీడియోలో చూసి హ్యాండిల్‌కి రాస్తే ఏమీ కాలేదు, గడియకి రాస్తే గులాబీ రంగు వచ్చింది. ఉయ్యాల గొలుసులు, బాత్రూం కుళాయిలు కూడా ఇలాగే చేద్దామనుకున్నాం. మా అత్తగారేమో డబ్బు పోసి కొన్నవాటిని ఎందుకు పాడుచేస్తున్నారని గొడవ. నెలలో గృహప్రవేశం. ఏం చేయమంటారు?

సమాధానం: ముందు ఆ గులాబీ రంగు సంగతి చూద్దాం. కంగారు పడకండి, గడియ పాడవలేదు. ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం కదా, వెనిగర్‌లోని ఆమ్లం ఉప్పుతో కలిసి పైపైన ఉన్న జింకుని ముందు కరిగించేస్తుంది, మిగిలిన రాగి అలా గులాబీగా కనిపిస్తుంది. పల్చటి పొరే కాబట్టి ఇత్తడి పాలిష్‌తో గట్టిగా రుద్దితే పోతుంది. హ్యాండిల్‌కి ఏమీ కాకపోవడానికి కారణం వేరు. దాని మీద పారదర్శకంగా, వార్నిష్ లాంటి పూత ఒకటి ఉంటుంది. షాపులో పెట్టినన్నాళ్ళూ మెరుపు తగ్గకుండా ఉండాలని తయారుచేసినవాళ్ళే వేస్తారు. ఆ పూత ఉన్నంతసేపూ మీరు వెనిగర్ రాసినా, అమ్మోనియా పట్టించినా లోపలి ఇత్తడికి తెలియనే తెలియదు. ఇంట్లో ఈ పని చేసి విసిగిపోయేవాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. మందు సరిగ్గా పనిచేయలేదనుకుని ఇంకా ఘాటైనది కొంటారు, తీయాల్సిందేమో ఆ పూత.

అంతకన్నా ముందు మీరు కొన్నవన్నీ ఇత్తడివేనా అన్నది చూసుకోవాలి, ఎందుకంటే బిల్లు మీద బ్రాస్ అని ఉన్నంత మాత్రాన సరిపోదు, బ్రాస్ ఫినిష్ అంటే పైరంగు మాత్రమే. ప్రతి ముక్కకీ అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అంటుకోకపోతే ఇత్తడి కావచ్చు, జింకు కలిపి పోతపోసిన చవక లోహం కూడా కావచ్చు, దానికీ అయస్కాంతం అంటదు. అందుకని వెనకవైపు, బిగించాక కనబడని చోట, చిన్న ఆకురాయితో ఒక గీత పెట్టండి. గీత లోపల కూడా పసుపుగా ఉంటే ఇత్తడి, తెల్లగా వెండిలా ఉంటే జింకు. ఇనుము, జింకు ముక్కలకు ఇప్పుడు చెప్పబోయే మందులేవీ వాడకండి, పైనున్న పల్చటి ఇత్తడి తినేసి అడుగు బయటపడుతుంది, తర్వాత ఏం చేసినా సరికాదు. షాపువాడు మార్చి ఇస్తానంటే మార్చుకోవడం అన్నిటికన్నా మంచిది. మార్చకపోతే ముదురు గోధుమ రంగు ఆయిల్ కలర్ పల్చగా పూసి, ఆరకముందే గుడ్డతో తుడిచేస్తే గాట్లలో మాత్రం రంగు నిలబడుతుంది. దూరం నుంచి బాగానే ఉంటుంది కానీ రోజూ చెయ్యి పడే చోట ఎక్కువకాలం ఆగదు, కాబట్టి అలాంటివి అటక తలుపులకో, కిటికీ పైరెక్కలకో వాడుకోండి.

ఇక పూత తీయడం. ఉందో లేదో తెలుసుకోవడానికి ఇత్తడి పాలిష్ ఒక చుక్క వేసి తెల్లగుడ్డతో రుద్దండి. గుడ్డ నల్లబడితే లోహం బయటే ఉంది, నల్లబడకపోతే పూత ఉంది. పెయింట్ షాపులో దొరికే థిన్నర్‌లో గానీ అసిటోన్‌లో గానీ దూది ముంచి ముక్క చుట్టూ చుట్టి, మూత ఉన్న స్టీలు డబ్బాలో కాసేపు ఉంచితే మామూలు పూత మెత్తబడి తుడిస్తే వచ్చేస్తుంది. చిన్న ముక్కలైతే గోళ్ళ రంగు తుడిచే ద్రవం చాలు. స్క్రూలు, బందుల్లాంటివి ఎక్కువ ఉంటే ఒక పాత గిన్నెలో వంటసోడా వేసిన నీళ్ళలో మరిగించండి, పూత పొరలు పొరలుగా లేస్తుంది, తర్వాత ఆ గిన్నె మళ్ళీ వంటకి మాత్రం వాడకూడదు. దేనికీ లొంగకపోతే పెయింట్ రిమూవర్, అదీ చేతికి గ్లవ్స్ వేసుకుని. థిన్నర్ పని డాబా మీదే చేయండి, వంటింట్లో గ్యాస్ పొయ్యి దగ్గర, దేవుడి గదిలో దీపం వెలుగుతున్నప్పుడు అసలు వద్దు, దాని ఆవిరి చాలా తేలిగ్గా అంటుకుంటుంది.

పూత పోయాక మన ఇళ్ళలో ఎప్పుడూ చేసే పనే, చింతపండుతో తోమండి. చింతపండులోని పులుపు పైనున్న మరకలన్నీ ఒకే తీరుగా తీసేస్తుంది. తర్వాత గిన్నెలు తోమే సబ్బుతో జిడ్డు పోయేదాకా కడగాలి. కడిగాక నీళ్ళు ముక్క మీద ఒకే పొరలా పరుచుకుంటే సరే, బొట్లుబొట్లుగా విడిపోతే అక్కడ ఇంకా పూతో జిడ్డో ఉందన్నమాట, మళ్ళీ థిన్నర్. ఇక్కడి నుంచి వట్టి చేతులతో ముట్టుకోకండి, వేలిముద్ర పడిన చోట రంగు వేరుగా వస్తుంది, అది చివరిదాకా కనిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు అసలు పని. ఇత్తడికి నేను నమ్మే పద్ధతి అమ్మోనియా ఆవిరి. వెనిగర్, ఉప్పు పూసినప్పుడు చుక్క ఎక్కడ ఆగితే అక్కడ మచ్చ పడుతుంది, ఆవిరి అలా కాకుండా మెల్లగా అన్ని వైపులా పడుతుంది, మధ్యలో ఆపుకునే వీలు కూడా ఉంటుంది. ఇల్లు కట్టించిన చోట ఖాళీ పెయింట్ బకెట్లు ఎలాగూ ఉంటాయి, మూత బిగుతుగా పట్టేది ఒకటి శుభ్రంగా కడిగి తీసుకోండి. అడుగున ఒక గాజు గిన్నెలో కొద్దిగా అమ్మోనియా ద్రావణం పోయండి, ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపుల్లో దొరుకుతుంది. ముక్కల్ని నైలాన్ దారంతో వేలాడదీయండి, ఒకదానికొకటి తగలకూడదు, ద్రవానికి అసలు తగలకూడదు. మూత పెట్టేసి నీడలో ఉంచండి. మన వేడికి ఆవిరి త్వరగా లేస్తుంది కాబట్టి ఎండలో పెట్టాల్సిన పని లేదు, పెడితే బకెట్ లోపల చెమ్మ పట్టి బొట్లు కారి నీలం మచ్చలు పడతాయి. పొద్దున పెడితే మధ్యాహ్నానికి మెరుపు చచ్చి, మరికాస్త ఆగితే తేనె రంగు, రాత్రంతా ఉంచితే గోధుమ రంగు, ఇంచుమించు ఇలా నడుస్తుంది, ముక్కలోని రాగి పాళ్ళని బట్టి, గాలిలో తేమని బట్టి అటూఇటూ అవుతుంది. మీకు కావలసినదానికన్నా ఒక మెట్టు ముందే తీసేయండి, బయటికి తీశాక గాలి తగిలి ఒకటి రెండు రోజులు రంగు ఇంకా ముదురుతుంది.

అమ్మోనియా గురించి గట్టిగా చెప్పాలి. కళ్ళకి, ఊపిరితిత్తులకి అది చాలా చెడ్డది. మూత తీసేటప్పుడు మొహం పక్కకి తిప్పుకుని, కళ్ళద్దాలు, గ్లవ్స్ పెట్టుకుని, డాబా మీద గాలి ఆడేచోటే తీయండి. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళనీ పిల్లల్నీ ఆ పూటకి పైకి రానివ్వకండి. బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, బ్లీచ్ కలిసిన బాత్రూం క్లీనర్‌తో గానీ అది కలవకూడదు, విషవాయువు పుడుతుంది. గృహప్రవేశం ముందు ఇల్లంతా కడుగుతూ బ్లీచింగ్ పౌడర్ బకెట్లు పక్కపక్కనే తిరుగుతుంటాయి, కాబట్టి ఈ బకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసి వేరుగా పెట్టండి. ఇదంతా మావల్ల కాదనిపిస్తే దాన్ని అసలు ముట్టుకోకండి. పూత తీసేసి వదిలేసిన ఇత్తడి దానంతట అదే రంగు మారుతుంది, గుంటూరు, విజయవాడ ఉక్కపోతల్లో ఒక వానాకాలం గడిస్తే చాలు. గృహప్రవేశానికి పూర్తిగా పాతబడదు, కానీ ఆ జిగేలు మాత్రం తగ్గిపోతుంది, వచ్చే ఏడాదికి మీరు చేతులారా చేసినదానికన్నా బాగుంటుంది. తొందర లేనివాళ్ళకి నేను చెప్పేది ఇదే.

ఉయ్యాల గొలుసుల సంగతి వేరు. వాటికి అమ్మోనియా చూపించకండి. బ్రిటిష్ వాళ్ళ కాలంలో మన దేశంలో సైన్యం వానాకాలమంతా తూటాలని గుర్రపుశాలల్లో దాచేది, ఎండలు వచ్చాక తీసి చూస్తే ఇత్తడి తొడుగులు చీలిపోయి ఉండేవి. ఎందుకన్నది చాలాకాలం అంతుపట్టలేదు, 1921లో తేల్చారు. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తేమ కలిసి, తయారీలో సాగదీసినప్పుడు ఇత్తడిలో మిగిలిపోయిన బిగువు దగ్గర పగుళ్ళు పుట్టించాయట. ఉయ్యాల గొలుసు వంచి చేసిన ఇత్తడే, పైగా దాని మీద మనిషి బరువు పడుతుంది, పిల్లలు ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఎక్కుతారు. పగులు బయటికి కనబడదు, ఒకరోజు తెగుతుంది. కాబట్టి గొలుసులకి పూత తీసేసి ఊరుకోండి, పట్టుకునే చేతుల చెమటే వాటికి చక్కటి రంగు తెస్తుంది. తాళాల లోపల ఉండే ఇత్తడి స్ప్రింగులకీ ఇదే మాట, పైరేకు విప్పి అది ఒక్కటే బకెట్లో పెట్టండి. తలుపు బరువంతా మోసే పెద్ద బందులు కూడా పోతపోసినవైతే పరవాలేదు, పల్చటి రేకు వంచి చేసినవైతే వాటినీ ఊరికే వదిలేయడం మేలు.

బాత్రూం కుళాయిల జోలికి వెళ్ళకండి. తెల్లగా మెరిసేవి చాలావరకు క్రోమియం పూత వేసినవే, దాని కింద నికెల్, ఆ కింద ఇత్తడి. క్రోమియం పాతబడదు, మెరుస్తూనే ఉంటుంది, లేదా పెచ్చులూడుతుంది. దాన్ని ఆమ్లంతో తీసేయొచ్చని చెప్పేవాళ్ళు ఉన్నారు, ఆ వ్యర్థం ఇంట్లో చేత్తో పట్టుకోవాల్సింది కాదు. పాత రంగు కుళాయిలే కావాలంటే ఆ రంగులోనే తయారైనవి కొనుక్కోండి, లేకపోతే తెల్లవి తెల్లగానే ఉండనివ్వండి, బాత్రూంలో మీ అమ్మమ్మగారి తలుపు లేదు కదా. స్టీలు సామాను కూడా అంతే, స్టెయిన్‌లెస్ స్టీలు ఉన్నదే మరక పట్టకుండా ఉండటానికి, మందులతో కుస్తీ పట్టి లాభం లేదు.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని, నాకైతే మొత్తంలో ఇదే ముఖ్యం. బకెట్లోంచి తీసిన ముక్క అంతా ఒకే రంగులో ఉంటుంది, అలాగే బిగిస్తే పెయింట్ వేసినట్టు ఉంటుంది తప్ప పాతది అనిపించదు. మీ దగ్గర మిగిలిన ఒకటి రెండు పాత ముక్కలు ఉన్నాయి కదా, వాటిని వెలుగులో పెట్టి చూడండి. లాగే రింగు కింది భాగం, వేళ్ళు పడే చోటు, పసుపుగా మెరుస్తూ ఉంటుంది. రింగు తలుపుకి తగిలే చోట ఒక చిన్న గుండ్రటి మెరుపు. గడియ జారే వీపు మీద పొడవుగా ఒక చార. పువ్వుల చెక్కడం ఉంటే గాట్లలో నలుపు, అంచుల మీద వెలుగు. నలుపు ఎక్కడ ఆగింది, చెయ్యి ఎక్కడ తిరిగింది అన్నదే ఆ ఇంటి వాడుక. కాబట్టి బాగా అరిగిన స్క్రబ్బర్‌తో గానీ అతి సన్నటి స్టీల్ ఊల్‌తో గానీ సరిగ్గా ఆ చోట్లలో మెల్లగా రుద్దండి, పాత ముక్క పక్కన పెట్టుకుని పోల్చుకుంటూ. ఎక్కువ రుద్దేస్తే భయం లేదు, మళ్ళీ బకెట్లో పెట్టొచ్చు.

తర్వాత కడగాలి. మన బోరు నీళ్ళు ఆరాక తెల్లటి ఉప్పు మరకలు వదులుతాయి, కాబట్టి చివరిసారి ఇన్వర్టర్‌కి పోసే బ్యాటరీ వాటర్‌తో తొలిచి వెంటనే గుడ్డతో అద్దండి. ముక్కని ఎండలో గోరువెచ్చగా కానిచ్చి తేనెమైనం గానీ కార్లకు పూసే వాక్స్ గానీ పల్చగా పట్టించి తుడవండి. రంగు ఒక్కసారిగా నిండుగా కనిపిస్తుంది, చేతికి వాసన అంటదు. ఏడాదికి రెండు మూడుసార్లు మళ్ళీ పూస్తే చాలు. పైన మళ్ళీ క్లియర్ స్ప్రే కొట్టమని ఎవరైనా చెబితే వినకండి, కష్టపడి తీసిన పూతనే మళ్ళీ వేసినట్టు అవుతుంది, పైగా చెయ్యి పడేచోట అది పెచ్చులు లేచి అసహ్యంగా ఉంటుంది.

వెనిగర్ పద్ధతి మొత్తానికి పనికిరాదని అనను. గేటు పక్కన పేరు పలకకో, బయట తగిలించే గంటకో పచ్చటి చిలుము కావాలంటే రంపపు పొట్టుని వెనిగర్, ఉప్పుతో తడిపి అందులో ఇత్తడి ముక్కని పూడ్చి పెడితే మచ్చలు మచ్చలుగా అందంగా వస్తుంది. ఇంట్లో రాగి ముక్కలేమైనా ఉంటే ఇంకా తేలిక. ఉడికించిన కోడిగుడ్లు వేడిగా ఉండగానే చిదిపి, రాగి ముక్కతో పాటు ఒక ప్లాస్టిక్ సంచిలో తగలకుండా పెట్టి మూతి కట్టండి. గుడ్డులోంచి వచ్చే గంధకపు వాయువుకి రాగి గోధుమ నుంచి నలుపుకి తిరుగుతుంది. ఇత్తడి మీద ఇది అంత బాగా పట్టదు. ఒక్క మాట, ఇవేవీ వండే, తాగే పాత్రలకి చేయకండి. చిలుము విషం, అందుకే కదా పెద్దవాళ్ళు ఇత్తడి గిన్నెలకి కళాయి పోయించేవాళ్ళు.

స్క్రూలు మర్చిపోకండి. ఎంత బాగా చేసిన బందు అయినా తెల్లగా మెరిసే స్క్రూలు బిగిస్తే మొత్తం చెడిపోతుంది. ఇత్తడి స్క్రూలే కొని వాటినీ అదే బకెట్లో పెట్టండి, అవీ తలమీద ఒకే గాటు ఉండే మైనస్ స్క్రూలు తీసుకోండి. ప్లస్ గాటు స్క్రూలు 1930లలో వచ్చినవి, మీ మండువా తలుపు అంతకన్నా పాతదైతే అవి దాని మీద ఉండటానికే వీల్లేదు. ఇత్తడి స్క్రూ మెత్తన, టేకులో నేరుగా తిప్పితే తల తెగి లోపల ఉండిపోతుంది. మీ వడ్రంగికి చెప్పి ముందు అదే సైజు ఇనుప స్క్రూ ఎక్కించి తీయించండి, ఆ దారిలో ఇత్తడి స్క్రూకి కాస్త మైనం రాసి చేత్తోనే బిగించమనండి, మెషిన్ వద్దు.

మీ అత్తగారి విషయం. ఆవిడ మాటని కొట్టిపారేయకండి. ఆవిడ తరం ఆడవాళ్ళు పండగ పండగకీ చింతపండు పెట్టి చిలుము వదలగొట్టడానికే చేతులు అరగదీసుకున్నారు, ఇప్పుడు మీరు కావాలని చిలుము పట్టిస్తామంటే బాధగా ఉండదా? ఇంట్లో రెండూ ఉండొచ్చు. పూజగది తలుపు గంటలు, గడియ, దీపపు సెమ్మెలు వీటిలో కలపకండి, ఆవిడకి నచ్చినట్టు తళతళలాడేలా ఉంచండి. వీధి తలుపుకి మాత్రం పాత రంగు. అమ్మమ్మగారి తలుపు మీద మిగిలిన పాత ముక్కని, మీరు చేసిన కొత్త ముక్కని పక్కపక్కన పెట్టి ఆవిడకే చూపించి ఏది ఏదో చెప్పమనండి, నా ఉద్దేశంలో ఆ తర్వాత గొడవ ఉండదు. కానీ పనమ్మాయికి మాత్రం ముందే చెప్పి పెట్టండి, ఒక్క పూట చింతపండుతో, పీతాంబరితో తోమేసిందంటే మీ పనంతా కొత్త ఇత్తడై కూర్చుంటుంది.

నెల రోజులు సరిపోతాయి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకుండా ముందు ఒక స్క్రూ, ఒక చిన్న బందు చేసి చూడండి, వీలైతే ప్రయోగానికని ఒక బందు ఎక్కువ కొనండి. అది నచ్చాకే మిగతావి. బందులు మాత్రం వారం ముందే సిద్ధం చేసి వడ్రంగికి ఇవ్వాలి, హ్యాండిళ్ళు, రింగులు చివరి రోజు వరకు ఆగినా నష్టం లేదు. బకెట్లో మిగిలిన అమ్మోనియా నీలంగా మారి ఉంటే అందులో రాగి కరిగి ఉన్నట్టు, దాన్ని మొక్కలకి, చేపల తొట్టి పక్కన పోయకండి, మూత గట్టిగా బిగించి పిల్లలకి అందని చోట పెట్టి, కొన్న కెమికల్ షాపువాళ్ళని అడిగి అప్పగించండి. రంగు ఎక్కడైనా మచ్చలుగా వస్తే కారణం ఇంచుమించు ఎప్పుడూ ఒకటే, పూత పూర్తిగా పోలేదు, ఆ ఒక్క ముక్కకీ థిన్నర్ దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.